సంచి చూసి కట్టిన ధర

"మూడో చొక్కా కూడా పెట్టెయ్యనా చెల్లీ?" అని అడిగింది పాలిషక్క.

"పెట్టెయ్యక్కా. ఇంట్లో ఉంచితే మాత్రం ఎవరు తొడుక్కుంటారు?" అంది ఇంటావిడ.

నీలం గుడ్డసంచి మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. జిప్పు ఎప్పుడో పాడైతే రెండు గుండీలు కుట్టి సరిపెట్టారు. ఇంటావిడ గోడకున్న మేకుల మీంచీ, రేకుపెట్టెలోంచీ ఒక్కొక్కటే తెచ్చి మంచం మీద పడేస్తుంటే పాలిషక్క మడతలు వేసి సంచిలో సర్దుతోంది. ఆమెని ఎవరూ సర్దమనలేదు. వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఏం మాట్లాడాలో తోచక చేతికి దొరికిన తువ్వాలు మడిచింది. అలా మొదలైంది.

గోడవారగా చాప మీద కూర్చున్న ముసలావిడ ఇదంతా చూస్తోంది. ఇంటాయన తల్లి. చూపు మందగించింది గాని నోరు మందగించలేదు.

"బేరానికొచ్చిన మనుషులు సంచి సర్దడం నా జన్మలో చూళ్ళేదు. అమ్మాయ్, నువ్వు మిషను కొనడానికొచ్చావా, మావాణ్ణి సాగనంపడానికొచ్చావా?"

"ఊరుకో అత్తా. ఏదో సాయం చేస్తోంది పాపం."

"చెయ్యనీ. వద్దన్నానా? నాకు కనపడేదే తక్కువ, ఆ కనపడ్డది కూడా అనకూడదా?"

పాలిషక్క నవ్వేసింది. నవ్విందే గాని చెవులు వేడెక్కాయి.

వెనక రేకుల షెడ్డులో మోటారు ఒక్కసారి గుర్రుమని లేచి, బెల్టు పట్టుకుని, సన్నగా పాట అందుకుని ఆగిపోయింది. అది పాలిషక్క భర్త పని. ఊరంతా ఆయన్ని కుర్చీల మేస్త్రి అంటారు. మిషను కింద దూరి, బేరింగుల దగ్గర చెవి పెట్టి, బల్ల మీద అరచెయ్యి వేసి అదురు చూసి, మళ్ళీ వేయించి వింటున్నాడు. ఈ ఇంటాయన తలుపుల మేస్త్రి. మిషను ఆయనది. ఒకే ఇనుపబల్లకి రంపం, చిత్రిక, బెజ్జాలు కొట్టే డ్రిల్లు, గాడి తీసే బ్లేడు అన్నీ బిగించిన మిషను. కొత్తది కొనాలంటే లక్షా పాతిక వేలు. దీనికి ఆయన చెప్పిన ధర అరవై వేలు.

కుర్చీల మేస్త్రి ఈ మిషను కోసం మూడేళ్ళుగా కలలు కంటున్నాడు. పెద్ద ఫర్నిచరు షాపులో రోజుకూలికి కుర్చీలు చేస్తాడు. అదే షాపులో ఆయన భార్య ఆ కుర్చీలకి ఉప్పుకాగితం రుద్ది పాలిష్ పడుతుంది. అందుకే ఆమె పాలిషక్క అయింది. ఆమె వేళ్ళకి రేఖలు ఎప్పుడో అరిగిపోయాయి. పొద్దున లేవగానే దగ్గితే రంపపు పొట్టు వాసనొస్తుంది. ఆయనకి రోజుకి ఏడు వందలు, ఆమెకి మూడు వందలు. పోయిన నెల షాపు యజమాని ఆయన్ని పిలిచి, "కుర్చీ కాళ్ళు ఇక మిషను మీద కోసినవే వస్తాయోయ్. నువ్వు వచ్చి బిగించి పో, చాలు. నువ్వూ, నీ చేతి చిత్రికా పాతబడిపోయారు," అన్నాడు. బిగింపుకి రోజుకి మూడు వందల యాభై. భర్త ఆ మాట ఇంటికొచ్చి చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే ఆమే అడిగి చెప్పించుకుంది.

సొంత మిషను ఒక్కటుంటే ఇంటి ముందు షెడ్డులోనే పని చేసుకోవచ్చు. ఒకడి మాట పడక్కర్లేదు. ఇద్దరూ ఆ మాటే అనుకుని, కూడబెట్టింది తీసి, ఆమె చెవికమ్మలు కూడా అమ్మి, యాభై అయిదు వేలు పోగేశారు. ఆ డబ్బు ఇప్పుడు పాలిషక్క నడుము దగ్గర దోపుకున్న చిన్న చిక్కంలో ఉంది.

వాడిన మిషను మంచి ధరకి ఎక్కడ దొరుకుతుందో వెతకడం కూడా ఒక విద్యే. దాన్ని నేర్పింది పాతమిషన్ల బ్రోకరు. "రంగులేసి నిలబెట్టిన షాపుల్లోకి పోకు. అక్కడ నీకు పాలిష్ అమ్ముతారు, మిషను కాదు. కొత్తపొట్టు కనపడని షెడ్డు చూసుకో. ఏ మేస్త్రికి చెయ్యి పోయిందో, ఏ మేస్త్రి మంచం పట్టాడో నేను కనిపెట్టి చెబుతా. ఒకటి గుర్తుపెట్టుకో, ఒక్కడివే వెళ్ళకు. ఇంట్లో ఆడమనిషిని వెంట తీసుకెళ్ళు. మిషను నువ్వు చూడు, ఇల్లు ఆవిడ చూస్తుంది," అన్నాడు.

ఇల్లు చూడడం అంటే ఏమిటో పాలిషక్కకి ఆ రోజు దాకా సరిగ్గా తెలియదు. బస్సులో వస్తుంటే భర్త మొహమాటంగా చెప్పాడు. "ఏం లేదు. ఊరికే లోపల కూర్చో. వాళ్ళావిడతో మాట్లాడు. అవసరం ఎంతలో ఉందో నీకే తెలుస్తుంది."

"తెలిస్తే?"

"తెలిస్తే నాకో మాట చెప్పు."

మాట చెప్పడమేగా అనుకుంది. అదేం దొంగతనం కాదుగా అనుకుంది. ఇదిగో, ఇప్పుడు ఆ ఇంటి సంచి ఆమె చేతుల్లో ఉంది.

"ఎన్నాళ్ళకి వెళ్తున్నాడు మరిది?" అని అడిగింది. అడుగుతుంటే గొంతు తనకే కొత్తగా వినపడింది. మరీ తియ్యగా ఉంది.

ఇంటావిడ తువ్వాలు దులిపి చెప్పింది. అడిగేవాళ్ళు లేక ఎన్నాళ్ళ నించో గొంతులో ఆపుకున్న మాటల్లా వచ్చాయి. "అరవై చేతిలో పడితే ఆర్నెల్లేనక్కా. ముప్ఫై పెట్టి షెడ్డు ముందు భాగంలో మేకులూ, బందులూ, గొళ్ళాలూ అమ్మే కొట్టు పెట్టుకుందాం అన్నాడు. నేను కూర్చుంటా. మిగిలింది అద్దెకీ, మా అత్త మందులకీ. కొట్టు నిలదొక్కుకున్నాక వచ్చేస్తాడు. తక్కువొస్తే, అక్కడి జీతంతోనే అన్నీ అవ్వాలి. అప్పుడెన్నాళ్ళో ఏం చెప్పను? దూరం కూడానూ. ఇవాళ నాలుగింటి బస్సెక్కితే రెండు రోజుల ప్రయాణమంట. కొత్తగా కడుతున్న గోదాములకి కాపలా."

"కాపలాకి ఇంత మంచి మేస్త్రి ఎందుకే," అని గొణిగింది ముసలావిడ. "గోదాము ఎక్కడికన్నా లేచిపోతుందా?"

అప్పుడు తలుపుల మేస్త్రి లోపలికొచ్చాడు. మనిషి బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. కుడిచేతి మీద తుండు వేసుకున్నాడు. ఆ చెయ్యి వైపు చూడకూడదని పాలిషక్క అనుకుంది, అనుకున్నందుకే చూసింది. తుండు కింద బొటనవేలూ చూపుడువేలూ ఉన్నాయి. మిగతా చోట తుండు పల్చగా కిందికి దిగి ఉంది.

ఆయన ఎడంచేత్తో సంచి తడిమి, అడుగునుంచి ఒక గుడ్డమూట బయటికి లాగాడు. మూటలో ఇనుము గలగలమంది.

"అదుండనివ్వయ్యా," అంది భార్య. "నాలుగు ఉలులేగా. అక్కడ ఏదన్నా చిన్నపని దొరికితే..."

"ఏ చేత్తో పట్టుకోను?"

ఆ మాటలో కోపం లేదు. లెక్క అడిగినట్టు అడిగాడు. ఆ మూట తీసుకెళ్ళి తల్లి ఒడిలో పెట్టి, "ఎవడన్నా అడిగితే అమ్మెయ్యి," అని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ముసలావిడ మూట విప్పకుండానే ఉలులు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది.

పాలిషక్క మేస్త్రి పెళ్ళాం. ఉలి తీసేయడమంటే ఏమిటో ఆమెకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఎంత దూరం పోయినా, ఏ కూలిపనికి పోయినా మేస్త్రి ఉలులు వెంట తీసుకెళ్తాడు. తీసుకెళ్ళినన్నాళ్ళూ తన మిషనుకి ధర తగ్గించడు. రేపు బాగుంటే నేనే వాడుకుంటా అంటాడు. ఉలి వదిలేసినవాడికి మిషను ఇనుపముద్ద. నాలుగింటి బస్సు లోపల ఎంత వస్తే అంతే దాని ధర.

చేతులు కడుక్కోవాలని చెప్పి పెరట్లోకి వెళ్ళింది.

తలుపుల మేస్త్రి మిషను దగ్గర లేడు. గోడకి ఆనించిన చెక్కలు కొలిచి పక్కింటి మనిషికి అప్పజెబుతున్నాడు. కుర్చీల మేస్త్రి ఒక్కడే గుడ్డతో చేతుల నూనె తుడుచుకుంటూ నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"బంగారంలాంటి మిషనే," అన్నాడు మెల్లగా. "బేరింగులో కిచకిచ లేదు. షాఫ్టు వంకర లేదు. ప్రాణంలా చూసుకున్నాడు. అరవై అన్నాడు, యాభై అయిదుకి దిగుతాడు. సరిగ్గా మన దగ్గరున్నది. ఇచ్చేసి కళ్ళకద్దుకుని తీసుకుపోదాం."

ఇక్కడ ఆమె నోరు మూసుకుంటే సరిపోయేది. తర్వాత ఎన్నో పగళ్ళు, ఉప్పుకాగితం రుద్దుతూ, ఆమె ఈ చోటికే తిరిగొచ్చి నిలబడేది. పెరట్లో నీళ్ళ డ్రమ్ము. డ్రమ్ము మీద బోర్లించిన చెంబు. భర్త వెలుగుతున్న మొహం. యాభై అయిదంటే ఇద్దరికీ సమ్మతమే. అయినా చెప్పింది. చెయ్యమన్న పని చేశాననుకుంది కాబోలు. షాపు యజమాని మాట గుర్తొచ్చింది కాబోలు. చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే భయం తగ్గుతుందనుకుంది కాబోలు.

"నాలుగింటి బస్సుకి వెళ్ళిపోతున్నాడు. కాపలా పనికి," అంది. "సంచిలోంచి ఉలులు తీసేశాడు."

కుర్చీల మేస్త్రి చేతిలో గుడ్డ ఆగింది. "నిజంగానా?"

"వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టేశాడు."

ఆయన ఒక్క క్షణం కిందికి చూశాడు. ఆయనా మేస్త్రే కదా. తర్వాత గుడ్డ భుజాన వేసుకుని, "అయితే తొందరపడొద్దు. మూడున్నర కానియ్యి," అన్నాడు.

ఆ తర్వాత ఆయన మిషను చూసిన తీరు వేరు. చూసిందే మళ్ళీ చూశాడు. ముక్క చెక్క అడిగి చిత్రిక పట్టాడు, మూలమట్టం పెట్టి వెలుతురుకి ఎత్తి చూశాడు, పెదవి విరిచాడు. బల్ల చుట్టూ తిరిగాడు. బీడీ వెలిగించాడు. తలుపుల మేస్త్రి రెండుసార్లు ఇంట్లో గడియారం వైపు చూసి వచ్చాడు. పాలిషక్క వెనక గుమ్మంలో నిలబడింది. లోపలికి వెళ్ళి ఆ సంచి ముందు కూర్చోవడానికి కాళ్ళు రాలేదు.

"ఏమంటావన్నా మరి?" అన్నాడు తలుపుల మేస్త్రి.

"ఏమనమంటావు తమ్ముడూ. చిత్రిక బ్లేడు మీద మూత లేదు. మూత లేని మిషను నేనెట్లా నడిపేది? మోటారు కాలిపోతే ఒకసారి తీగ చుట్టించావు. బల్ల ఈ మూల అరిగింది. పైగా ఇంత దూరం లారీ ఖర్చు."

"ధర చెప్పు."

"ముప్ఫై."

వీధిలో ఉల్లిపాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"ముప్ఫైకి ఇందులో మోటారూ రంపమే రావన్నా. నీకు తెలీనిదా?"

"తెలుసు. నేను కాదనను. కానీ ఇవాళ ఇంతకన్నా ఇచ్చేవాడు దొరకడు కదా."

తలుపుల మేస్త్రి చప్పున తలెత్తాడు. కుర్చీల మేస్త్రిని చూశాడు. ఆయన భుజం మీంచి గుమ్మంలో నిలబడ్డ పాలిషక్కని చూశాడు. చాలాసేపు చూశాడు.

"లోపల సంచి సర్దింది వదినేనా?" అని అడిగాడు.

కుర్చీల మేస్త్రి బీడీ కింద పడేసి నలిపాడు. పాలిషక్క తలుపు చెక్క పట్టుకుంది.

తలుపుల మేస్త్రి నవ్వాడు. ఆయన తిట్టి ఉంటే ఆమె తర్వాత ఎప్పుడో మర్చిపోయేదేమో. నవ్వాడు. "సిగ్గుపడకు వదినా. ఇది నేనూ ఇలాగే కొన్నాను. ఆ ఇంట్లో ఉయ్యాలలో పసిపిల్ల ఉంది. మా ఆవిడ వెళ్ళి ఊపింది. ఊపుతూ ఊపుతూ, పిల్లకి ఒళ్ళు బాగాలేదని, సాయంత్రానికి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని కనుక్కొచ్చి నా చెవిలో వేసింది. సగం ధరకి తెచ్చుకున్నాం. దారి పొడుగునా నవ్వుకున్నాం కూడా. ఆడమనిషిని తీసుకెళ్ళమని మాకు చెప్పింది కూడా ఈ బ్రోకరే."

అతని భార్య ఎప్పుడొచ్చిందో పాలిషక్క వెనకే నిలబడి ఉంది. ఆ మాటలు వింది. పాలిషక్క తిరిగి చూసేసరికి ఆమె పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలకేసి చూస్తోంది. ఇద్దరాడవాళ్ళూ ఒకే గుమ్మంలో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు.

"ముప్ఫై అయిదు చెయ్యన్నా," అన్నాడు తలుపుల మేస్త్రి. "బస్సు పోతుంది."

"సరే కానియ్యి."

డబ్బివ్వాల్సింది పాలిషక్కే. యాభై అయిదు వేలున్న చిక్కంలోంచి ముప్ఫై అయిదు తియ్యాలి. మిగతాది కనపడకూడదు. గోడవైపు తిరిగి, వీపు అడ్డం పెట్టి, సున్నం పెచ్చులూడిన చోటు చూస్తూ వేళ్ళతో లెక్క పెట్టింది. రేఖలు అరిగిన వేళ్ళు. నోట్లు జారిపోతుంటే మళ్ళీ మొదలుపెట్టింది. వెనకాల ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. ఆమె వీపు వాళ్ళకి ఏం చెబుతోందో ఆమెకి తెలుసు.

మిషను లారీ ఎక్కేటప్పుడు తలుపుల మేస్త్రి కూడా ఎడమభుజం వేశాడు. వద్దన్నా వినలేదు. "దీన్ని ఎక్కడ పట్టుకోవాలో మీకు తెలీదు," అన్నాడు. అంతా అయ్యాక అటక మీంచి ఒక ఇనుపరేకు ముక్క దించి, మసి దులిపి, కుర్చీల మేస్త్రి చేతిలో పెట్టాడు. చిత్రిక బ్లేడు మీద మూత.

"ధరలో తగ్గించావుగా, ఇంక దీనికి ధర కట్టకు," అన్నాడు. "తీసింది నేనే. తలుపుకింత అని కూలి. మూతుంటే రోజుకో తలుపు తగ్గుతుంది. కాంట్రాక్టరు తలుపులే లెక్కపెడతాడు, వేళ్ళు లెక్కపెట్టడు. నువ్వు తియ్యకన్నా."

సంచి తగిలించుకోవడానికి ఎడంచెయ్యి ఒక్కటే చాల్లేదు. పట్టీ మెలిపడింది. భార్య లోపల అత్తని లేపుతోంది. దగ్గరున్నది పాలిషక్కే. పట్టీ సరిచేసి ఆయన భుజం మీద వేసింది. సంచి తేలిగ్గా ఉంది. ఇంకో రెండు చొక్కాలు పట్టే చోటుంది అందులో.

"వస్తా వదినా," అన్నాడు మామూలుగా.

ఆమె "వెళ్ళిరా" అనలేకపోయింది. ఎవరు బయల్దేరినా అనే మాటే. ఏ మొహం పెట్టుకుని అంటుంది?

మిషను వాళ్ళకి అన్నం పెట్టింది. అబద్ధమెందుకు. కుర్చీల మేస్త్రి షాపు మానేశాడు. మిగిలిన ఇరవై వేలతో కలప వచ్చింది. బడి బెంచీలు వచ్చాయి, పెళ్ళి మంచాలు వచ్చాయి. మూత కొన్నాళ్ళు బిగించే ఉంది. బెంచీకింత అని కూలి కుదిరిన రోజున ఆయన దాన్ని విప్పి పక్కన పెట్టాడు. ఆమె బిగించింది. ఆయన విప్పాడు. "ఏం చెప్పి ఇచ్చాడో మర్చిపోయావా?" అంటే, "మర్చిపోలేదే. బెంచీలు రేపు పొద్దున్నకి కావాలి," అన్నాడు. అది మాత్రం అబద్ధమా?

చేతిలో డబ్బు ఆడేసరికి ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. ఇలాంటి మిషన్లు కొని, రంగేసి, అమ్మితే? బ్రోకరు ఇల్లు చూపించాడు. పాలిషక్క వెంట వెళ్ళింది. ఒక ఇంట్లో కూరగాయలు తరిగింది, ఇంకో ఇంట్లో ఒక ముసలాయనకి గంజి తాగించింది. రెండు చోట్లా ధర తెగింది. "నీ చెయ్యి మంచిది," అని మెచ్చుకున్నాడు భర్త. ఆమెకి ఆ పని వచ్చేసింది. గుమ్మంలో అడుగు పెట్టగానే మందుసీసాలు ఎక్కడున్నాయో, డబ్బాల్లో బియ్యం ఎంత మట్టానికి ఉన్నాయో కళ్ళు వాటంతటవే చూసుకునేవి. చుట్టాలింటికి వెళ్ళినా చూసేవి. ఒకసారి సొంత చెల్లెలి ఇంట్లో కూర్చుని, వీళ్ళు ఎంతకి దిగుతారో అనుకున్నాక, ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టేసి తలనొప్పని వచ్చేసింది.

మూడోసారి బ్రోకరు చెప్పిన ఇల్లు తలుపుల మేస్త్రి ఉండే ఊళ్ళోనే, రెండు వీధుల అవతల. నడుం పడిపోయి మంచంలో ఉన్న మేస్త్రి. బస్సు దిగగానే ఆమె అంది, "నువ్వు పద. నేను ఆ ఇంటికి ఒకసారి వెళ్ళొస్తా."

"ఏ ఇంటికి?" అని అడిగి, ఆమె మొహం చూసి, "సరే, తొందరగా రా. నువ్వు లేకుండా నేను ధర ఎత్తను," అన్నాడు భర్త.

ఆమె నడుము దగ్గర ఇరవై వేలున్నాయి. పాలిష్ డబ్బుల్లోంచి ఎప్పటికప్పుడు తీసి దాచినవి. ఇచ్చేసి రెండు మాటలు చెప్పి వచ్చెయ్యాలనుకుంది. ఆ రెండు మాటలేమిటో దారంతా వెతుక్కుంది.

షెడ్డు ఖాళీగా ఉంది. మేకుల కొట్టు లేదు. మిషను కాళ్ళు నాలుగూ నిలిచిన చోట సిమెంటు తెల్లగా ఉంది. ముసలావిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని తల ఇటు తిప్పింది.

"ఎవరూ?"

"నేనమ్మా. మిషను కొన్నవాళ్ళం."

ముసలావిడ కాసేపు ఆ గొంతు నెమరేసుకుంది. "ఓహో. సంచి సర్దిన అమ్మాయివా? ఇంకేం కొనడానికొచ్చావు? కొనేవి ఏమీ లేవే."

పాలిషక్క గుమ్మం ముందే నిలబడిపోయింది. లోపల్నించి కోడలు వచ్చింది. జుట్టు మీద, కనుబొమ్మల మీద తెల్లటి పొడి. పాలిషక్క ఆ పొడిని గుర్తుపట్టింది. ఉప్పుకాగితం పొడి.

"ఎక్కడ రుద్దుతున్నావు చెల్లీ?"

"తలుపుల ఫ్యాక్టరీలో. రోజుకి రెండొందల ఎనభై," అంది. కూర్చోమని అనలేదు, వెళ్ళమని కూడా అనలేదు.

"మరిది..."

"మొదట్లో నెలనెలా పంపేవాడు. ఫోను చేసేవాడు. తర్వాత కాపలా పని తీసేశారన్నాడు, ఇంకెక్కడో చూసుకుంటున్నానన్నాడు. ఆ తర్వాత ఆ నంబరు పలకట్లేదు. మా తమ్ముడు వెళ్ళి అడిగొచ్చాడు. వేళ్ళు తెగిన మనిషి ఎటుపోయాడో వాళ్ళకి గుర్తులేదట."

పాలిషక్క నడుము దగ్గర చెయ్యి పెట్టి డబ్బు తీసింది. ఊరికే చెయ్యి చాచింది. "అప్పుడు మా దగ్గర ఇవి కూడా ఉన్నాయి చెల్లీ. ఆ రోజే ఉన్నాయి. గోడవైపు తిరిగి లెక్కపెట్టాను."

ఇంటావిడ నోట్ల వైపు చూసింది. ఆమె చెయ్యి కొద్దిగా లేచింది కూడా. లేచి, పమిట సర్దుకుని దిగిపోయింది.

"నేను ఉయ్యాల ఊపిన ఇంటికి నేను మళ్ళీ వెళ్ళలేదక్కా. ఆ పిల్ల బతికిందో లేదో కూడా అడగలేదు," అంది. "ఇవి నేను తీసుకుంటే నువ్వు హాయిగా నిద్రపోతావు. నాకా నిద్ర ఎవరిస్తారు? తీసుకెళ్ళు."

"ఇచ్చిపోనీ, మందులకి పనికొస్తాయే," అంది ముసలావిడ.

"వద్దత్తా."

"వద్దంటే వద్దు. నాదేం పోయింది. కొడుకుని అమ్ముకున్నప్పుడే నన్ను అడిగారా?"

పాలిషక్క డబ్బు గుమ్మం మీద పెట్టి పారిపోదామనుకుంది. అది కూడా ఒక బేరమే అవుతుందని తోచి, చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

రెండు వీధుల అవతల ఇంటి ముందు కుర్చీల మేస్త్రి ఎదురుచూస్తున్నాడు. "మిషను ఫరవాలేదు. డెబ్భై అంటున్నాడు. వాళ్ళావిడ వంటింట్లో ఒక్కతే ఉంది, ఏడ్చినట్టుంది మొహం. వెళ్ళు, లోపలికెళ్ళి కూర్చో."

ఆమె ఇంటి బయట పేర్చిన పలకల మీద కూర్చుంది.

"అక్కడ కాదే. లోపలికి."

"నేను వెళ్ళను."

"అదేంటి? ఇంత దూరం వచ్చి?"

"వెళ్ళను. మిషను చూశావుగా. దాని ధర అదే చెబుతుంది. ఇచ్చేలా ఉంటే ఇవ్వు, లేకపోతే పోదాం."

"నువ్వు చూడకపోతే ధర తెగదు!"

"తెగకపోనీ."

ఆయన అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. బతిమాలాడు. "నేనెవరికోసం చేస్తున్నాను?" అన్నాడు. ఆమె కదల్లేదు. ఇంటి లోపల్నించి ఎవరో ఆడమనిషి గుమ్మంలోకి వచ్చి, "ఎండలో కూర్చున్నారేంటండీ, లోపలికి రండి," అంది.

"ఇక్కడే బాగుందమ్మా," అంది పాలిషక్క. తల తిప్పి ఆ ఇంట్లోకి చూడకుండా ఉండడానికి మెడ నొప్పి పుట్టేంత కష్టపడింది.

ఆ రోజు బేరం కుదరలేదు. తిరుగు బస్సులో ఊరు దాటాక, భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ, "వాళ్ళింట్లో ఎట్లా ఉన్నారు? అతనొచ్చాడా?" అని అడిగాడు.

రాలేదు. తలుపుల మేస్త్రి ఎండలు ముదిరే ముందు ఒక గురువారం నాలుగింటి బస్సెక్కి వెళ్ళాడు. మరుసటి ఏడు వానలు మొదలయ్యే దాకా ఫోను చేశాడు. ఆ తర్వాత ఫోను లేదు, మనిషీ రాలేదు.